మాటల వంశవృక్షం రాసిన కార్ల్ బ్రోకెల్‌మన్

పదవీ విరమణ తరువాత కూడా పని వదలని ఒక ప్రముఖుని జీవితాన్ని గురించి ఈ ప్రత్యేక సంచికకు రాయమని సంపాదకవర్గ మిత్రులు నన్ను కోరారు. మన దేశ నాయకుల గురించి, మన కవిపండితుల గురించి నాకంటే బాగా రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను కొంచెం దూరం వెళ్లి ఒక జర్మన్ పండితుణ్ణి ఎంచుకున్నాను. ఆయన పేరు కార్ల్ బ్రోకెల్‌మన్. 1868లో పుట్టి 1956లో కన్నుమూశారు. మనలో చాలామంది ఆయన పేరు విని ఉండరు గాని, అరబ్బీ, హీబ్రూ, సిరియక్ భాషలు చదివేవారికి ఏ దేశంలోనైనా ఆయన పుస్తకం తెరవకుండా పని జరగదు.

రెవెన్యూ శాఖలో ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగిరీ చేసిన నాకు ఈయనతో పరిచయం ఎలా కలిగిందో ముందు చెప్పాలి. దానికి కారణం ‘జిల్లా’ అనే మాట. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఆ మాట రాయని రోజు లేదు. రిటైరయ్యాక ఒకనాడు ఉర్దూ బాగా తెలిసిన పాత సహోద్యోగి ఒకరు మాటల సందర్భంలో, జిల్లా అంటే అసలు అర్థం పక్కటెముక అని చెప్పారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అరబ్బీలో పక్కటెముకను ‘దిల్అ’ అంటారని, అది పక్క అని, భుజమని, ఒక వైపు ప్రాంతమని అర్థం పెంచుకుంటూ పోయి చివరకు పరిపాలనలో విభాగానికి పేరయిందని వివరించారు. ఆ మాట వెనుక ఇంకేముందో చూద్దామని పుస్తకాలు వెదుకుతూ పోతే, దారి చివర కూర్చుని ఉన్నవారిలో బ్రోకెల్‌మన్ ఒకరు.

బాల్టిక్ సముద్ర తీరాన ఉన్న రోస్టాక్ రేవు పట్టణంలో 1868 సెప్టెంబరు 17న ఒక వర్తక కుటుంబంలో ఆయన జన్మించారు. 1886లో స్వస్థలంలోనే విశ్వవిద్యాలయంలో చేరి, తరువాత బ్రెస్లావులో చదివి, 1888లో స్ట్రాస్‌బర్గ్ చేరుకున్నారు. అక్కడ థియోడోర్ నోల్డెకె అనే మహాపండితుడు ఉండేవారు. ప్రాచ్యభాషల్లో ఆ కాలపు జర్మనీకి ఆయన పెద్దదిక్కు. 1836లో పుట్టి 1930 దాకా జీవించిన ఆ గురువు దగ్గర పాఠం కంటే పట్టుదల ఎక్కువ నేర్చుకోవచ్చునని ప్రతీతి.

1890లో బ్రోకెల్‌మన్ డాక్టరేటు పుచ్చుకున్నారు. ఆయన తీసుకున్న విషయం మన రికార్డు రూము వారికి సులభంగా అర్థమవుతుంది. తబరీ అనే అరబ్బు చరిత్రకారుడు పదో శతాబ్దం తొలినాళ్లలో ఒక పెద్ద చరిత్ర పూర్తి చేశాడు. మూడు వందల ఏళ్ల తరువాత ఇబ్న్ అల్ అథీర్ అనే ఆయన మరొక చరిత్ర రాశాడు. రెండో ఆయన మొదటి ఆయన దగ్గర ఎంత తీసుకున్నాడు, ఎక్కడ కుదించాడు, ఎక్కడ వేరే ఆధారం చేర్చాడు అన్నది పంక్తి పక్కన పంక్తి పెట్టి తేల్చడమే ఆ సిద్ధాంత గ్రంథం. అసలు రిజిస్టరు చెదలు తినేసినప్పుడు నలుగురు అన్నదమ్ముల ఇళ్లలో ఉన్న నకళ్లు తెప్పించి, ఎవరి నకలులో ఏముంది, ఏ తప్పు ఎక్కడినుంచి వచ్చింది అని సరిచూసి అసలు పద్దు నిలబెట్టిన అనుభవం మనలో కొందరికైనా ఉంటుంది. బ్రోకెల్‌మన్ జీవితమంతా చేసిన పని స్థూలంగా అదే. ఆయన ముందున్న నకళ్లు భాషలు, అంతే తేడా.

అటుపైన ఆయన వేగం చూస్తే మనకు ఆయాసం వస్తుంది. 1895లో, ఇంకా 27 ఏళ్లు నిండకముందో నిండుతూనో, సిరియక్ భాషకు నిఘంటువు ప్రకటించారు. సిరియక్ అంటే అరామిక్ భాషకు తూర్పు క్రైస్తవులు వాడిన సాహిత్య రూపం. కేరళలోని కొన్ని ప్రాచీన క్రైస్తవ సంఘాల ప్రార్థనల్లో నేటికీ అది వినబడుతుంది. 1895, 96 సంవత్సరాల్లో లండన్, ఇస్తాంబుల్ నగరాల గ్రంథాలయాల్లో కూర్చుని అరబ్బీ వ్రాతప్రతులు పరిశీలించారు. 1898లో అరబ్బీ సాహిత్య చరిత్ర మొదటి సంపుటం, 1902లో రెండోది వచ్చాయి. సాహిత్య చరిత్ర అని పేరేగాని, నిజానికి అది ఒక బ్రహ్మాండమైన ఇన్వెంటరీ. ఏ గ్రంథకర్త ఎప్పటివాడు, ఏమేమి రాశాడు, ఆ వ్రాతప్రతి ప్రపంచంలో ఏ గ్రంథాలయంలో ఏ నంబరు కింద ఉంది, అచ్చయితే ఎక్కడ అచ్చయింది అన్న వివరాలు వేల పేర్లకు ఇచ్చారు. తరువాత వచ్చిన అనుబంధ సంపుటాల్లో మన హైదరాబాదు అసఫియా గ్రంథాలయంలోని వ్రాతప్రతులూ, 1888లో నెలకొన్న దాయిరతుల్ మఆరిఫ్ వారి ప్రచురణలూ చోటు చేసుకున్నాయి. మూసీ ఒడ్డున ఉన్న గ్రంథాలు జర్మనీలో ఒక బల్లమీద లెక్కకు వచ్చాయన్నమాట.

1903లో కోనిగ్స్‌బర్గ్‌లో పూర్తి ఆచార్యులయ్యారు. 1910లో హాలే విశ్వవిద్యాలయానికి వచ్చారు. ఈ రెండు కొలువుల నడుమ ఆయన పేరు శాశ్వతం చేసిన రెండో మహాగ్రంథం వెలువడింది. అది సెమిటిక్ భాషల తులనాత్మక వ్యాకరణం. శబ్దాలు, పదరూపాల గురించిన మొదటి సంపుటం 1908లోను, వాక్యనిర్మాణం గురించిన రెండోది 1913లోను అచ్చయ్యాయి. అరబ్బీ, హీబ్రూ, అరామిక్, ఇథియోపియా దేశపు ప్రాచీన భాష గీజ్, మట్టి పలకల మీద దొరికిన అక్కాడియన్, ఇవన్నీ ఒకే తల్లి బిడ్డలని నిరూపిస్తూ, ఆ తల్లి పోలికలు ఎవరిలో ఎంత మిగిలాయో అందులో లెక్క కట్టారు.

ఈ చుట్టరికాన్ని మొదట కనిపెట్టింది ఆయన కాదు. పదో శతాబ్దం నాటికే ఉత్తరాఫ్రికాలో యూదా ఇబ్న్ ఖురైష్ అనే ఆయన హీబ్రూ, అరామిక్, అరబ్బీ భాషల పోలికల మీద ఒక పెద్ద లేఖ రాశాడు. హియోబ్ లుడాల్ఫ్ అనే జర్మన్ రాజోద్యోగి, మనవంటి కొలువుగాడే, తీరిక వేళల్లో ఇథియోపియా భాష నేర్చి 1702లో దానికీ మిగిలినవాటికీ గల పొందికను చూపించాడు. ఇక అక్కాడియన్ సంగతి. 1857లో లండన్‌లోని రాయల్ ఏషియాటిక్ సొసైటీ ఒకే శాసనాన్ని నలుగురు పండితులకు ఇచ్చి, ఒకరితో ఒకరు సంప్రదించకుండా అనువదించి సీలు వేసిన కవర్లలో పంపమన్నది. కవర్లు విప్పితే నలుగురి అనువాదాలూ ముఖ్య విషయాల్లో కలిశాయి. ఆ భాష చదవడం వచ్చిందని లోకం ఒప్పుకున్నది ఆ రోజే. విడివిడిగా ఉన్న సాక్షులు ఒకే మాట చెప్పడం కంటే గట్టి రుజువు కోర్టులోనూ లేదు, భాషాశాస్త్రంలోనూ లేదు.

అయితే రెండు భాషల్లో రెండు మాటలు ఒకేలా ఉన్నంత మాత్రాన చుట్టరికం రుజువు కాదు. అప్పు తెచ్చుకున్న మాటలు ఒకేలా ఉంటాయి, కాకతాళీయంగానూ ఒకేలా ఉండవచ్చు. రుజువు కావలసింది పోలికకు కాదు, తేడాకు. తేడా ఒక పద్ధతిలో, ప్రతిసారీ అదేవిధంగా ఉండాలి. మన భాషలోనే చూడండి. మనం చెవి అంటే కన్నడిగులు కివి అంటారు. మనం చెడు అంటే వారు కెడు అంటారు. మన చెయ్యి వారికి కయ్యి. మనకు చకారం ఉన్నచోట వారికి వరుసగా కకారం ఉంది. ఇది యాదృచ్ఛికం కాదు. ఒకప్పటి ఉమ్మడి మాటలో కకారం ఉండేదని, ఇ, ఎ వంటి అచ్చులు తగిలినచోట తెలుగులో అది చకారమయిందని దీనివల్ల తెలుస్తుంది. తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబానివని 1816లోనే రాసిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ మద్రాసు కలెక్టరు, అంటే మన శాఖవాడే. ఆ పనిని మన కాలంలో శిఖరానికి చేర్చినవారు భద్రిరాజు కృష్ణమూర్తిగారు.

ఇప్పుడు ఈ కొలబద్దతో పక్కటెముకను కొలుద్దాం. అరబ్బీలో ‘దిల్అ’. హీబ్రూలో ‘త్సేలా’. బైబిలు ఆదికాండంలో ఆదాము శరీరం నుండి తీసినట్టు చెప్పేది దీనినే. అక్కాడియన్‌లో ‘సేలు’. అరామిక్‌లో ‘ఇల్అ’ వంటి రూపం. దానియేలు గ్రంథంలో ఎలుగుబంటి నోట ఉన్న మూడు పక్కటెముకలను చెప్పే చోట ఇది కనిపిస్తుంది. అరబ్బీ మాట చివర ఉన్నది మామూలు అకారం కాదు. గొంతు లోతునుండి నొక్కి పలికే ‘ఐన్’ అనే హల్లు. అక్కాడియన్‌లో ఆ హల్లు మాయమయింది గాని, పోతూపోతూ పక్క అచ్చును ఏకారంగా మార్చి తన గుర్తు వదిలిపోయింది. చెట్టు కొట్టేసినా మొదలు మిగిలినట్టు.

మొదటి హల్లు దగ్గరే చిక్కు వస్తుంది. అరబ్బీలో బరువైన దకారం, దానిని ‘దాద్’ అంటారు. హీబ్రూలోనూ అక్కాడియన్‌లోనూ నొక్కి పలికే సకారం. అరామిక్‌లో ఐన్. మూడూ మూడు దారులు. ఈ ఒక్క మాటే ఉంటే ఎవరూ నమ్మరు. కాని భూమికి అరబ్బీలో ‘అర్ద్’, హీబ్రూలో ‘ఎరెత్స్’, అక్కాడియన్‌లో ‘ఎర్సెతు’, అరామిక్‌లో ‘అర్అ’. గుడ్డుకు అరబ్బీలో ‘బైద’, హీబ్రూలో ‘బేత్సా’, సిరియక్‌లో ‘బీఅతా’. పక్కటెముక, భూమి, గుడ్డు, వీటి అర్థాలకు ఒకదానితో ఒకటి సంబంధం లేదు. అయినా ప్రతిచోటా అదే తేడా, అదే వరుస. కనుక తల్లి భాషలో ఒక ప్రత్యేకమైన హల్లు ఉండేదని, పిల్లలు దానిని పంచుకున్నప్పుడు ఒక్కొక్కరి వాటాకు ఒక్కొక్క రూపం వచ్చిందని తేలుతుంది.

అరామిక్‌లో అది ఐన్ ఎలా అయిందని సందేహం రావచ్చు. పాత అరామిక్ శాసనాల్లో భూమిని ‘అర్కా’ అని, గొంతులో పలికే కకారంతో రాసేవారు. తరువాత అది ‘అర్అ’ అయింది. బైబిలులోని యిర్మీయా గ్రంథం పదో అధ్యాయంలో 11వ వచనం ఒక్కటే అరామిక్‌లో ఉంది. ఆ ఒక్క వచనంలోనే పాత రూపమూ కొత్త రూపమూ రెండూ పక్కపక్కన ఉన్నాయి. పాత సర్వే నంబరూ కొత్త సర్వే నంబరూ ఒకే దస్తావేజులో రాసి ఉంటే మనకు ఎంత సంతోషమో, భాషా పండితులకు ఈ వచనం చూస్తే అంత సంతోషం.

ఇంతకూ ఆ హల్లు ఎలా పలికేవారు? బ్రోకెల్‌మన్ గ్రంథం వచ్చిన నాటికి ఈ విషయంలో ఏకాభిప్రాయం లేదు. తరువాతి పరిశోధన, ముఖ్యంగా 1977లో వచ్చిన రిచర్డ్ స్టైనర్ పుస్తకం, నాలుగు వైపుల ఆధారాలు కూర్చి ఒక దారి చూపింది. నాలుకను లకారం పలికేటప్పటిలా ఉంచి, గాలిని నాలుక పక్కనుండి ఒరిపిడితో వదలాలి. ఒమన్, యెమెన్ ప్రాంతాల్లోని మెహ్రీ వంటి భాషల్లో అలాంటి పలుకు నేటికీ ఉంది. ఎనిమిదో శతాబ్దపు అరబ్బీ వైయాకరణుడు సీబవైహి కూడా దాద్‌ను నాలుక పక్కనుండి పలకాలని వర్ణించాడు. మరో సాక్ష్యం స్పెయిన్‌లో దొరికింది. అరబ్బులు ఆ దేశాన్ని ఏలినప్పుడు న్యాయాధికారిని ‘అల్ ఖాదీ’ అన్నారు. స్పానిష్ వారి చెవికి అందులో లకారం వినబడి ‘అల్కాల్దే’ అన్నారు. నేటికీ అక్కడ నగర పాలకుణ్ణి అలాగే పిలుస్తారు. మన ఊళ్లలో నిఖా చేయించే ఖాజీ, స్పెయిన్ మేయరు ఇద్దరూ ఒకే మాట.

ఇది చదివాక నేను పాత ఫైళ్లను కొత్త కళ్లతో చూశాను. పారశీకుల నాలుకకు దాద్ పలకదు. వారు దానిని జిప్ అనే మాటలోని మొదటి శబ్దంలా పలికారు. వారినుండి ఉర్దూకు, ఉర్దూ నుండి మనకు వచ్చేసరికి జకారమయింది. అరబ్బులు రమదాన్ అంటే మనం రంజాన్ అనడం ఇందుకే. జిల్లా ఒక్కటే కాదు. అర్జీ, హాజరు, జామీను, జప్తు, కబ్జా, రాజీనామా, వీటన్నిటిలో మనం రాసిన జకారం ఆ దాదే. అయితే జకారమున్న ప్రతి మాటా దీని సంతానం కాదు. మంజూరులోది వేరే హల్లు, జమాలోది అసలైన జకారమే. ఉద్యోగంలో చేరిననాటి హాజరు నుండి కొందరు ఇచ్చిన రాజీనామా దాకా, వేల ఏళ్ల కిందటి ఒక మూల హల్లును మనం తెలియకుండానే మోసుకు తిరిగాం. 2016లో తెలంగాణలోను, 2022లో ఆంధ్రప్రదేశ్‌లోను కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు నాకు మాత్రం కొత్త పక్కటెముకలు మొలిచినట్టే అనిపించింది.

ఇలా కట్టిన మూలరూపానికి పండితులు ముందు ఒక నక్షత్రం గుర్తు పెడతారు. ఆ మాట ఏ రాతి మీదా, ఏ పలక మీదా దొరకలేదని దాని అర్థం. సాక్ష్యాలను బట్టి వేసిన అంచనా మాత్రమే అది. కొత్త సాక్షి వస్తే మార్చుకోవాలి. 1928లో సిరియా తీరాన ఉగరిత్ శిథిలాలు బయటపడి, 1930లో ఆ లిపి విడిపోయినప్పుడు అలాంటి కొత్త సాక్షి నిజంగానే వచ్చింది. అందులో భూమికి ‘అర్స్’ అని ఉంది. నొక్కి పలికే సకారం. అక్కాడియన్, హీబ్రూ వైపు మరొక సంతకం పడినట్టయింది. కుటుంబ లెక్క తప్పలేదు.

ఇంతవరకు చెప్పింది పండితుని కథ. ఇప్పుడు మనిషి కథ చెప్పాలి. అది అంత సుఖంగా ఉండదు.

సెమిటిక్ అన్న పేరు నోవహు కుమారుడైన షేము పేరుమీద 1781లో ష్లోజర్ అనే జర్మన్ పండితుడు వాడుకలోకి తెచ్చినది. అది భాషల గుంపుకు పెట్టిన పేరు. నూరేళ్లు తిరగకముందే జర్మనీలో కొందరు ఆ పేరును మనుషుల రక్తానికి అంటగట్టారు. 1879 ప్రాంతంలో యూదులంటే పడనితనానికి అదే మాటతో ఒక రాజకీయ నినాదం పుట్టించారు. భాషల చుట్టరికం చూపడానికి పుట్టిన మాట మనుషులను వేరు చేసే మాటయింది.

బ్రోకెల్‌మన్ 1922లో బెర్లిన్ వెళ్లి, మరుసటి సంవత్సరమే బ్రెస్లావు విశ్వవిద్యాలయానికి వచ్చారు. 1932లో దానికి రెక్టరయ్యారు. మన వైస్ చాన్సలరు వంటి పదవి. ఆ సంవత్సరమే ఎర్నస్ట్ కోన్ అనే యువకుడు అక్కడ న్యాయశాస్త్ర ఆచార్యుడుగా నియమితుడయ్యాడు. ఆయన యూదుడు. నవంబరులో నాజీ విద్యార్థులు ఆయన పాఠాన్ని సాగనివ్వలేదు. రెక్టరు మొదట ఆచార్యుని పక్షాన నిలిచారు. పోలీసులను పిలిపించవలసి వచ్చింది. అల్లరి తగ్గలేదు. డిసెంబరులో, రష్యా వెళ్లగొట్టిన ట్రాట్‌స్కీకి జర్మనీ ఆశ్రయం ఇవ్వాలా అని ఒక పత్రిక అడిగిన ప్రశ్నకు కోన్ ఆచితూచి జవాబు చెప్పారు. ఆ జవాబునే కారణంగా చూపి, ఆయన బోధన ఇక కొనసాగడం కుదరదని రెక్టరూ సెనేటూ ప్రకటించారు. మరుసటి సంవత్సరం హిట్లరు గద్దెనెక్కాడు. కోన్ కొలువు పోయి ఇంగ్లండు చేరుకున్నారు. బ్రోకెల్‌మన్ కూడా 1933లోనే రెక్టరు పదవి నుండి తప్పుకున్నారు.

ఈ ఘట్టాన్ని దాటవేసి రాయవచ్చు. సన్మాన పత్రాల్లో అలాగే రాస్తారు. కాని అన్ని నకళ్లూ సరిచూడాలని నేర్పిన మనిషి జీవితం రాస్తూ ఒక నకలు దాచిపెట్టడం న్యాయం కాదు. హీబ్రూ, అరబ్బీ, అరామిక్ మాటలు ఒకే ఇంటివని, ఆ ఇంట్లో ఎవరూ ఎక్కువ కారు, ఎవరూ తక్కువ కారని ఆయనకు తెలిసినంత బాగా ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. తెలిసినవాడే ఒత్తిడికి లొంగి కాగితం మీద సంతకం పెట్టారు. దీనిని నేను తీర్పరిలా రాయడం లేదు. పైనుంచీ కిందనుంచీ ఒత్తిడి వస్తున్నప్పుడు, ఫైలులో చిన్న సాకు దొరికితే దాని మాటున తలవంచడం ఎలా ఉంటుందో కుర్చీలో కూర్చున్నవాళ్లకు తెలుసు. నేనూ అలాంటి సంతకాలు ఒకటి రెండు పెట్టాను. వాటి తారీఖులు ఇప్పటికీ గుర్తున్నాయి. ఆయనకూ ఆ డిసెంబరు గుర్తుండే ఉంటుందని అనుకుంటాను.

1935లో పదవీ విరమణ చేశారు. 1937లో తనకు పరిచయమున్న హాలే పట్టణానికి మకాం మార్చారు. ఇక్కడినుంచి ఆయన చేసిన పని మన సంచికకు అసలు విషయం. నలభై ఏళ్ల కిందటి తన అరబ్బీ సాహిత్య చరిత్రకు అనుబంధ సంపుటాలు మూడు, 1937 నుండి 1942 లోపల, హాలండులోని లైడెన్ పట్టణంలో అచ్చువేయించారు. అవి అసలు పుస్తకం కంటే పెద్దవి. 1939లో ముస్లిం జాతుల, రాజ్యాల చరిత్ర ఒకటి ప్రకటించారు. తన మొదటి రెండు సంపుటాలను తిరిగి సవరించి 1943లోను, 1949లోను రెండో ముద్రణ తెచ్చారు. మధ్యలో ప్రపంచయుద్ధం ఒకటి జరిగింది.

ఆ యుద్ధం ముగిసేసరికి ఆయన బతుకు పటం మారిపోయింది. చదివిన స్ట్రాస్‌బర్గ్ అంతకుముందే ఫ్రాన్సులో కలిసింది. ఆచార్యత్వం దక్కిన కోనిగ్స్‌బర్గ్ రష్యాకు పోయి కాలినిన్‌గ్రాద్ అయింది. రెక్టరుగా ఉన్న బ్రెస్లావు పోలండుకు పోయి వ్రోత్స్వావ్ అయింది. 1945లో, 77వ ఏట, హాలేలోని జర్మన్ ప్రాచ్య పరిశోధన సంఘం గ్రంథాలయానికి లైబ్రేరియనుగా చేరారు. అంతకుముందు ఆయన చేసిన కొలువులతో పోలిస్తే అది చిన్న ఉద్యోగం. 1947లో విశ్వవిద్యాలయం తిరిగి పాఠాలు చెప్పడానికి నియమించింది. టర్కీ భాషల మీద కూడా ఆయనకు అధికారం ఉండేది. 1928లోనే మధ్యయుగపు టర్కీ పదజాలం ఒకటి కూర్చారు. ఇప్పుడు 1951 నుండి తూర్పు టర్కీ భాషకు వ్యాకరణం భాగాలుగా ప్రకటించసాగారు. రెండోసారి పదవీ విరమణ చేసినది 1953లో. అప్పటికి వయసు 85.

1947లో ఆయన తన జ్ఞాపకాలు కొన్ని కాగితం మీద పెట్టారు. లోకం కోసం కాదు, ఇంటివాళ్ల కోసం. అవి అచ్చయింది 1981లో, ఆయన పోయిన పాతికేళ్ల తరువాత. చివరి పుస్తకం హీబ్రూ వాక్యనిర్మాణం గురించినది. అది 1956లో వెలువడింది. ఆ సంవత్సరమే మే 6న హాలేలో ఆయన కన్నుమూశారు. అరబ్బీ సాహిత్య చరిత్రను 2016 నుండి ఆంగ్లంలోకి తెచ్చి అచ్చువేశారు. నూరేళ్లు దాటిన ఇన్వెంటరీని కొత్త భాషలోకి మార్చవలసి వచ్చిందంటే, ఆ పనికి సాటి ఇంకొకటి రాలేదనే అర్థం.

రిటైరయ్యాక కూడా పని చేయాలని మిత్రులకు ఉపదేశించడానికి ఈ కథ రాయలేదు. మనలో కొందరికి మోకాళ్లు సహకరించవు, కొందరికి కళ్లు. నాకు తోచినది ఒక్కటే. ఒక మాటకు నలుగురు వారసులుంటే వారిలో ఎవరి దగ్గరా అసలు మాట పూర్తిగా లేదు. ఒకరి దగ్గర మొదటి హల్లు పోయింది, ఒకరి దగ్గర చివరి హల్లు పోయింది. నలుగురినీ పక్కపక్కన కూర్చోబెడితే తప్ప తల్లి ముఖం కనబడదు. ఒక్కణ్ణి బయటికి గెంటేస్తే ఆ ముఖంలో ఒక భాగం శాశ్వతంగా పోతుంది. ఈ సంగతి బ్రోకెల్‌మన్ పుస్తకాల్లో ప్రతి పుటలోనూ ఉంది. 1932 డిసెంబరులో ఆయన పెట్టిన సంతకంలో మాత్రం లేదు. పుస్తకాలు నిలిచాయి, అది మన అదృష్టం.

ఇకమీదట ఎవరైనా మిత్రులు దరఖాస్తు మీద జిల్లా అని రాసేటప్పుడు ఒక్క క్షణం ఆగి, చేతిని తమ పక్కటెముక మీద వేసి చూసుకోవలసిందిగా మనవి. సెలవు.